సందూకలో పుస్తకాలు, ఫోన్‌లో పేజీలు

పోయిన నెల ఇదే శీర్షికలో మా నాయిన పుస్తకాల గురించి ఒక ముక్క రాశాను. నల్లగొండలో ఇల్లు మారుతుంటే సజ్జ మీంచి నాలుగు సందూకలు దిగాయని, వాటిలో అయిదు వందల చిల్లర పుస్తకాలున్నాయని, రెండేళ్లుగా ఆదివారాలన్నీ వాటిని స్కాన్ చేయడానికే పోతున్నాయని. ఏదో ఊసుపోక రాసిన మాట అది. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. దేవరకొండ నుంచి గద్వాల దాకా ప్రతి ఇంట్లో ఒక సందూక ఉన్నట్టే ఉంది. అన్నిటికీ విడివిడిగా రాయడం నా వల్ల కాదు కాబట్టి కొన్ని ప్రశ్నలు ఇక్కడ తీసుకుంటున్నాను. నేను లైబ్రరీ చదువు చదువుకున్నవాణ్ణి కాదు, చేసి చెడగొట్టి నేర్చుకున్నవాణ్ణి. ఆ లెక్కలోనే చదవండి.

ప్ర: నా దగ్గర ఆరు వందల పుస్తకాలున్నాయి. కొన్నిటికి చెదలు పట్టాయి. మా అబ్బాయి మంచి స్కానర్ కొని పంపిస్తానంటున్నాడు. ఏది కొనమంటారు, ఎక్కడ మొదలుపెట్టమంటారు?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జ: స్కానర్ సంగతి తర్వాత మాస్టారూ, ముందు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. ఎందుకంటారా, లెక్క చూడండి. ఆరు వందల పుస్తకాలు, ఒక్కోటి సగటున రెండు వందల పేజీలు అనుకుంటే లక్షా ఇరవై వేల పేజీలు. రెండేసి పేజీలు ఒకేసారి వచ్చేలా తీసినా అరవై వేల సార్లు స్కానర్ మూత ఎత్తి దించాలి. ఒక్కో సారికి ఇరవై సెకన్లు వేసుకున్నా మూడు వందల ముప్పై గంటల పైన. రోజూ గంట చొప్పున కూర్చుంటే దాదాపు ఏడాది, అది కూడా నడుము నొప్పి, చుట్టాల పెళ్లిళ్లు, కరెంటు కోతలు ఏమీ లేకపోతే. కాబట్టి అన్నీ చేద్దామనే ఆలోచన మొదటి రోజే వదిలేయండి.

నోటుబుక్కులో ప్రతి పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన ఏడాది, ఏ ఊళ్లో ఏ ప్రెస్సులో అచ్చయిందీ రాసుకోండి. ఈ పనే పది రోజులు పడుతుంది. తర్వాత ఒక్కో పేరు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ప్రభుత్వం తరఫున పాత పుస్తకాలను పెద్ద ఎత్తున స్కాన్ చేసిన పథకం ఒకటి ఉండేది, ఆ తెలుగు పుస్తకాలు వేలకొద్దీ అక్కడ దొరుకుతాయి. ఒక చిక్కు ఉంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు, సున్నా ఒక చోట ఎమ్, ఒక చోట ఎన్, దీర్ఘం ఉంటే ఉంది లేకపోతే లేదు. ఒక స్పెల్లింగ్‌తో దొరకలేదని వదిలేయకండి, నాలుగైదు రకాలుగా కొట్టండి, రచయిత ఇంటిపేరుతో కూడా కొట్టండి. దొరికితే దించుకుని మధ్యలో పేజీలు పోయాయేమో చూసుకోండి, పోయిన పేజీలు మీ పుస్తకంలో ఉంటే ఆ రెండు మూడు పేజీలు మాత్రం స్కాన్ చేసుకుంటే సరిపోతుంది.

నేను ఈ పని ముందు చేయలేదు. అట్ట గట్టిగా ఉన్నవి, లావుగా ఉన్నవి, పేరున్నవి ముందు పట్టుకుని రెండు నెలలు కష్టపడ్డాను. తీరా చూస్తే వాటిలో చాలా మటుకు నెట్‌లో ఉన్నాయి, నా స్కాన్ కంటే శుభ్రంగా ఉన్నాయి. అసలు ఎక్కడా లేనివి ఏవంటే సందూక అడుగున ఉన్న సన్నపు పుస్తకాలు. జిల్లా రచయితల సభల సంచికలు, హైస్కూలు వార్షికోత్సవ సంచిక, జాతర పాటల పుస్తకం, ఫ్లోరైడ్ నీళ్ల మీద పంచిన కరపత్రం, ఎవరో పెద్దాయన సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని బంధువులకు పంచిన శతకం. ముప్పై రెండు పేజీలు, రెండు పిన్నులు, అర్ధరూపాయి వెల. అవి మీ ఇంట్లో పోతే లోకంలోనే పోయినట్టు లెక్క. ఆ కట్టతో మొదలుపెట్టండి, స్కానర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

1922లో మన నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక వచ్చింది. అలాంటి పత్రిక సంచికలు ఇప్పుడు చూద్దామంటే ఎక్కడికి పోవాలి? ఎవరింట్లో ఏ కాగితాల మధ్య ఒకటి పడి ఉందో తెలియదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారని మీకు నేను చెప్పనక్కర్లేదు, మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. అందులో ఎంత మంది పద్యాలు ఊళ్ల నుంచి, ఇళ్ల నుంచి వచ్చినవో ఒకసారి తిరగేసి చూడండి.

ఇక చెదల మాట. చెద పుస్తకంలో పుట్టదు, నేల నుంచి గోడ పట్టుకుని వస్తుంది. పుస్తకం దులిపి, నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్షుతో మట్టి తీస్తే చాలు. మందు కొట్టాల్సింది గోడకు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరపండి. కిరోసిన్ మాత్రం పుస్తకం దగ్గరికి రానివ్వకండి.

ప్ర: నా ఫోన్‌లో 12 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. స్కానర్ కొనే డబ్బు లేదు. ఫోన్‌తో తీస్తే పనికొస్తుందా? నేను తీసిన ఫోటోల్లో పేజీ మధ్యలో వంకర, పక్కన నీడ వస్తున్నాయి.
- డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జ: బ్రహ్మాండంగా పనికొస్తుందమ్మా. మామూలు డెమ్మీ సైజు పేజీ అయిదున్నర ఇంచుల వెడల్పు, ఎనిమిదిన్నర ఇంచుల పొడవు. అచ్చు అక్షరాలకు ఇంచుకు 300 చుక్కలు ఉంటే చాలంటారు, డీపీఐ అనేది అదే. ఆ లెక్కన పేజీకి 1650 బై 2550, అంటే 42 లక్షల చుక్కలు. రెండు పేజీలు కలిపి 84 లక్షలు. నీ కెమెరాకు కోటీ ఇరవై లక్షలు ఉన్నాయి. కాబట్టి లోపం కెమెరాలో లేదు, ఫోటో తీసే తీరులో ఉంది. పుస్తకం చుట్టూ మంచం, దుప్పటి, కాలి బొటనవేలు కూడా పడితే ఆ చుక్కలు వాటికి ఖర్చవుతాయి. ఫ్రేము నిండా పుస్తకమే ఉండాలి.

చేత్తో పట్టుకుని తీయకు. నేను స్టాండ్ కొనలేదు. టేబుల్ అంచున ఫోన్‌ను బోర్లా పెట్టాను, కెమెరా ఉన్న భాగం మాత్రం అంచు దాటి బయటికి వచ్చేలా. మిగతా సగం మీద ఒక లావుపాటి నిఘంటువు బరువుగా పెట్టాను. కింద స్టూలు మీద పుస్తకం. ఫోన్ స్క్రీన్ కిందికి ఉంటే కనపడదు కదా అంటావేమో, ఫోన్ బోర్లా అంటే నా ఉద్దేశం కెమెరా నేల వైపు చూడాలని, స్క్రీన్ పైకే ఉంటుంది, నిఘంటువు దాని మీద సగం కప్పుతుంది అంతే. బటన్ నొక్కితే ఫోన్ కదులుతుంది కాబట్టి తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి దాని వాల్యూమ్ బటన్‌తో తీసేవాణ్ణి, చాలా ఫోన్లలో అది పని చేస్తుంది. చేయకపోతే మూడు సెకన్ల టైమర్ ఉంది.

వంకర పోవాలంటే అద్దం కావాలి. ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపులో పన్నెండు ఇంచులకు పద్దెనిమిది ఇంచుల అద్దం ముక్క అడుగు, అంచులు అరగదీసి ఇమ్మను, లేకపోతే వేళ్లు తెగుతాయి. పేజీ మీద అద్దం ఆనిస్తే కాగితం చదునుగా కూర్చుంటుంది. అద్దం పెట్టగానే ఇంకో తంటా వస్తుంది, పైన వెలిగే ట్యూబ్‌లైటు తెల్లటి గీతలాగా పేజీ మధ్యలో పడుతుంది. అది ఆర్పేసెయ్. ఫ్లాష్ అసలే వద్దు. రెండు టేబుల్ లైట్లు కుడి ఎడమల నుంచి ఏటవాలుగా పడేలా పెట్టు, ఒక లైటు నీడను ఇంకో లైటు తినేస్తుంది. లేదంటే పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు కిటికీ పక్కన కూర్చో, ఎండ నేరుగా పడకుండా.

పాత పుస్తకాలు పూర్తిగా తెరుచుకోవు, బలవంతంగా నొక్కితే కుట్టు తెగి ఆకులు చేతికొస్తాయి. అలాంటివాటిని సగం తెరిచి, ఒక అట్టను నిలువుగా గోడకో దిండుకో ఆనించి, పడుకున్న పేజీని మాత్రమే తీస్తూ పోవాలి. ముందు కుడి చేతి పేజీలన్నీ, తర్వాత పుస్తకం తిప్పి ఎడమ చేతి పేజీలన్నీ. రెండు ఫోల్డర్లు అవుతాయి, వాటిని ఒకటి విడిచి ఒకటి కలపడం కంప్యూటర్‌లో నిమిషం పని. స్కాన్‌టైలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వంకర సరిచేయడం, రెండు పేజీలను విడదీయడం, అంచులు కత్తిరించడం అన్నీ అదే చూసుకుంటుంది.

డబ్బులున్నప్పుడు స్కానర్ కొనాలనిపిస్తే ఒక్క మాట. తక్కువ ధరకు వచ్చే సన్నపాటి స్కానర్లలో చాలా వరకు సీఐఎస్ రకం. అద్దానికి ఆనిన కాగితమే స్పష్టంగా వస్తుంది, కాస్త పైకి లేస్తే మసకే. పుస్తకం మధ్య మడత ఎప్పుడూ లేచే ఉంటుంది. సీసీడీ రకం అయితే ఆ లోతు కూడా అందుతుంది కానీ బరువు, ఖరీదు ఎక్కువ. సీఐఎస్‌కు ఒక సుగుణం ఉంది, చాలావాటికి వేరే ప్లగ్గు అక్కర్లేదు, లాప్‌టాప్ కరెంటుతోనే నడుస్తాయి. మన దగ్గర ఎండాకాలంలో అది చిన్న సుగుణం కాదు.

ప్ర: క్యామ్‌స్కానర్ వాడొచ్చా?
- కోదాడ పాఠకుడు

జ: 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో అది ఉంది. గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ అనే బటన్ ఉంటుంది, పది పేజీల కరపత్రానికి అది చాలు.

ప్ర: మా దగ్గర జిరాక్స్ సెంటర్‌లో కాగితాలు గుత్తగా వేస్తే వాటంతట అవే స్కాన్ అయ్యే మిషన్ వచ్చింది. పుస్తకం వీపు కోసి ఇస్తే అరగంటలో అయిపోతుందంటున్నాడు. కోయించమంటారా?
- మందుల షాపు యజమాని, సూర్యాపేట

జ: కొత్త కాపీ బజారులో దొరికే పుస్తకమైతే మీ ఇష్టం. దొరకనిదైతే వద్దు. పాత కాగితం అంచులు పెళుసుగా ఉంటాయి, ఆ మిషన్ రబ్బరు చక్రాల మధ్య నలిగిందంటే చెక్కలు చెక్కలుగా బయటికొస్తుంది.

కోతంటే నాకు భయం పట్టుకోవడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల కింద మా నాయిన ఇష్టంగా చదివిన ఒక పుస్తకం అట్ట ఊడితే బైండింగుకు ఇచ్చాను. తిరిగి తెచ్చుకున్నప్పుడు చూడముచ్చటగా ఉంది, ఎర్ర రెక్సిను, బంగారు అక్షరాలు. లోపల తెరిస్తే మూడు వైపులా అంచులు సమంగా కోసేశారు. మా నాయిన పేజీ పక్కన పెన్సిల్‌తో రాసుకున్న మాటల్లో ప్రతి వరసకూ చివరి రెండక్షరాలు లేవు. "ఈ మాట మా ఊళ్లో వేరే అర్థం"లో అర్థం పోయింది. ఇచ్చేటప్పుడు అంచులు కోయొద్దని చెప్పకపోవడం నా తప్పే. స్కాన్ చేసేటప్పుడు కూడా అంచు దాకా తీయండి, అచ్చు ఉన్నంత మేర మాత్రమే కత్తిరించే ఆటోమేటిక్ ఆప్షన్‌ను ఆపేయండి.

ప్ర: మా తాత యక్షగానాలు ఆడేవాడు. ఆయన చేత్తో రాసిన మూడు నోటుబుక్కులున్నాయి. సిరా వెలిసిపోతోంది, కాగితాలు చిరుగుతున్నాయి. లామినేషన్ చేయిద్దామని మా అన్న అంటున్నాడు. ఏం చేయాలి?
- రైతు, నాగర్‌కర్నూల్ దగ్గర

జ: అన్నను ఆపండి! ఇవాళే ఆపండి. లామినేషన్ అంటే వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లో టేపు కూడా వద్దు, నాలుగేళ్లకు పసుపెక్కి జిడ్డు వదులుతుంది, టేపు ఊడిపోయినా మరక పోదు. చిరిగిన చోట పల్చటి కాగితం ముక్కను మైదా జిగురుతో వెనక వైపు అతికించండి. బైండింగు చేసేవాళ్లు ఆ జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలకు అందనివ్వకండి.

మీ పుస్తకాలకు 300 సరిపోదు, 600 డీపీఐ పెట్టండి, రంగుల్లోనే తీయండి. వెలిసిన సిరా నలుపు తెలుపులో కనపడకుండా పోతుంది, రంగుల్లో తీస్తే తర్వాత కంప్యూటర్‌లో ముదురు చేసి చదవొచ్చు. ఎర్ర పెన్సిల్‌తో దరువు అనీ, ద్విపద అనీ, కందార్థం అనీ పక్కన గుర్తులు పెట్టుకుని ఉంటాడు మీ తాత, ఆ రంగు పోకూడదు. ఖాళీ పేజీలు, అట్ట లోపలి వైపు, మధ్యలో పెట్టిన చీటీలు అన్నీ తీయండి. ఏ ఊళ్లో ఎప్పుడు ఆట కట్టారో, ఎవరు ఎంత ఇచ్చారో అట్ట వెనకే రాసుకుంటారు చాలామంది.

ఇంకోటి, ఇది స్కానింగ్ మాట కాదు. పుస్తకంలో మాట ఉంటుంది, పాడే వరస ఉండదు. మీ తాతతో పాటు ఆడినవాళ్లు, వంత పాడినవాళ్లు ఎవరైనా బతికున్నారా? ఉంటే ఒక పొద్దు వాళ్ల దగ్గర కూర్చుని ఆ పేజీలు చూపిస్తూ పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. నోటుబుక్కు ఇంకో పదేళ్లు ఆగుతుంది, ఆ గొంతులు ఆగవు.

ప్ర: స్కాన్ చేసిన పేజీని టైప్ చేసినట్టుగా మార్చే ఓసీఆర్ తెలుగుకు పని చేస్తుందా?
- జూనియర్ కాలేజీ లెక్చరర్, వనపర్తి

జ: చేస్తుంది, కానీ దాన్ని నమ్మి పడుకోకూడదు. సులువైన దారి గూగుల్ డ్రైవ్. పేజీ బొమ్మను ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే కింద అక్షరాలు వస్తాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి. నెట్ లేకుండా కావాలంటే టెస్సరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, తెలుగు డేటా విడిగా వేసుకోవాలి. ఆదేశాలు టైపు చేయడం చిరాకనుకుంటే న్యాప్స్‌2 అనే సాఫ్ట్‌వేర్ లోపల అదే ఉంటుంది, బటన్లు నొక్కుకుంటే చాలు.

నా అనుభవంలో ఈ ముప్పై ఏళ్లలో అచ్చయిన శుభ్రమైన పుస్తకమైతే పేజీకి నాలుగైదు తప్పులు. సీసపు అక్షరాలతో కూర్చిన పాత పుస్తకమైతే లెక్కపెట్టలేం. ప, వ ఒకదానికొకటి మారతాయి. "పాలమూరు" కాస్తా "వాలమూరు" అయి కూర్చుంది నాకు, అలా నూటికి పైగా చోట్ల. న, స తేడా తెలియదు. ద, ధ మధ్య ఆ చిన్న గీత సిరా మరకలో కలిసిపోతుంది. ఒత్తు కింద ఒత్తు వస్తే కింది వరుసలోకి తోసేస్తుంది. అరసున్న ఉందంటే దాన్ని బ్రాకెట్ అనుకుంటుంది, బండి ఱ సంగతి ఇక చెప్పకండి. పద్యం పాదాలు విరిచి వచనంలో కలిపేస్తుంది.

అయినా నేను ఓసీఆర్ చేస్తాను. చదవడానికి కాదు, వెతకడానికి. పేజీ బొమ్మ పైన కనపడుతుంది, తప్పులతడక అక్షరాలు దాని కింద కనపడకుండా ఉంటాయి. "సంస్థానం" అని కొడితే పది చోట్ల ఉన్నది ఆరు చోట్లయినా దొరుకుతుంది. పూర్తిగా దిద్ది పెట్టాలన్న ఓపిక ఉంటే, కాపీరైట్ తీరిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టొచ్చు. ఒక పక్క బొమ్మ, ఇంకో పక్క అక్షరాలు, ఒకరు దిద్దింది ఇంకొకరు సరిచూస్తారు. మీ విద్యార్థులకు వేసవి పని ఇస్తే బాగుంటుంది, కనీసం పాత తెలుగు అచ్చు చదవడం వస్తుంది.

ప్ర: పీడీఎఫ్ సైజు మరీ ఎక్కువ వస్తోంది. నలుపు తెలుపు చేసి తగ్గిస్తే తప్పేంటి?
- బ్యాంకు ఉద్యోగి, హాలియా

జ: తప్పు కాదు, జాగ్రత్త కావాలి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. కొన్ని జిరాక్స్ కంపెనీ మిషన్లలో ఇంటి ప్లాను స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోతున్నాయి, 6 ఉన్నచోట 8 వస్తోంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అంకె మాత్రం తప్పు. సైజు తగ్గించడానికి ఆ మిషన్ ఒకేలా కనపడే ముక్కలను ఒకటే ముక్కగా గుర్తుపెట్టుకుని అన్నిచోట్లా అదే అతికించేది. ఇంగ్లిష్ అంకెలకే ఆ గతి పడితే మన ధ, థ, ఘ, ఝల సంగతి ఆలోచించండి. అసలు స్కాన్‌ను రంగుల్లోనో బూడిద రంగులోనో దాచుకుని, చదువుకోవడానికి వేరే చిన్న పీడీఎఫ్ చేసుకోండి. రెండు వందల పేజీల పుస్తకం మంచి జేపెగ్‌లుగా ఉంచితే దాదాపు 200 ఎంబీ. ఆరు వందల పుస్తకాలైనా 120 జీబీ. ఒక టెరాబైటు హార్డ్ డిస్క్‌లో మూలకు కూడా రాదు.

ప్ర: 2003లో నా కవితా సంపుటి నల్లగొండలోనే డీటీపీ చేయించాను. పేజ్‌మేకర్ ఫైలు సీడీలో ఉంది. ఇప్పుడు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. మళ్లీ స్కాన్ చేయాలా?
- కవి, నల్లగొండ

జ: అవి అను ఫాంట్లై ఉంటాయి. అప్పట్లో ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనపడే యూనికోడ్ అక్షరాలు వాడేవాళ్లు తక్కువ, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తులే కనపడతాయి. ఫైలు బతికుంటే స్కాన్ అక్కర్లేదు. గడియారం సెంటర్ చుట్టుపక్కల పాత డీటీపీ షాపుల్లో ఎవరో ఒకరి దగ్గర ఆ ఫాంటు, పాత పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్ ఇంకా ఉంటుంది. అక్కడ తెరిపించి ముందు పీడీఎఫ్ తీయించుకోండి. తర్వాత అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, వాటిలో వేసి ఒత్తులు సరిచూసుకోండి. సీడీ మాత్రం రేపు ఎల్లుండి అనకుండా కాపీ చేయండి, ఇరవై ఏళ్ల నాటి సీడీ ఏ రోజు మొండికేస్తుందో చెప్పలేం.

ప్ర: మా తాత చదువంతా ఉర్దూలోనే. ఉర్దూ పుస్తకాలు, దస్తావేజులు చాలా ఉన్నాయి. మాకెవరికీ చదవడం రాదు. ఏం చేయాలి?
- మహబూబ్‌నగర్ పాఠకురాలు

జ: చదవడం రాకపోయినా తీయొచ్చమ్మా. ఉర్దూ పుస్తకం మన లెక్కలో వెనక నుంచి మొదలవుతుంది, కుడి పేజీ ముందు, ఎడమ పేజీ తర్వాత. విడదీసేటప్పుడు ఆ క్రమం పెట్టకపోతే పుస్తకం మొత్తం 2, 1, 4, 3 అని కలగాపులగం అవుతుంది. అంకెలు గుర్తుపట్టడం పావుగంటలో నేర్చుకోవచ్చు, పేజీ నంబర్లకు అది చాలు. దస్తావేజులను విడిగా, ముద్రలు కనపడేలా, రెండు వైపులా తీసి, మీ ఊళ్లో ఉర్దూ మాస్టారు ఎవరున్నారో చూసి ఒక్కో దానికి ఒక వాక్యం రాయించుకోండి, ఏ ఊరు, ఏ భూమి, ఏ సంవత్సరం అని.

ప్ర: స్కాన్ చేసిన పుస్తకాలు మా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. కేసు అవుతుందని ఒకాయన భయపెట్టాడు. నిజమేనా?
- చౌటుప్పల్ పాఠకుడు

జ: మీ పుస్తకాన్ని మీరు ఇంట్లో చదువుకోవడానికి స్కాన్ చేసుకుంటే టెన్షన్ అక్కర్లేదు, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు తగు మేరకు వాడుకోనిస్తుంది. రెండు వందల మంది ఉన్న గ్రూపులో పెట్టడం సొంత వాడకం కిందికి రాదు.

మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, 2014 నుంచి ఆయన సొంత రచనలు అందరివీ. రావి నారాయణరెడ్డి 1991లో పోయారు, కాబట్టి ఆయన రాసినవాటి మీద 2051 చివరి దాకా హక్కు ఉంది. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరే చూసుకోవాలి. మూలం పాతదని అనువాదం కూడా పాతదనుకుని చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

మన ఊరి కవుల చిన్న పుస్తకాలకు దారి సులువు. వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుని అడగండి. నేను అడిగిన ఏడు కుటుంబాల్లో ఆరు సంతోషంగా ఒప్పుకున్నాయి, ఒక ఇంట్లోనైతే వాళ్ల దగ్గర కూడా లేని పుస్తకం నా దగ్గర ఉందని తెలిసి ఆ తల్లి కాసేపు మాట్లాడలేకపోయింది. ఏడో ఆయన వద్దన్నాడు. వద్దంటే వద్దే. ఒప్పుకున్నవాళ్ల దగ్గర ఒక చిన్న కాగితం మీద తేదీ వేసి సంతకం తీసుకోండి, మొహమాటపడకండి.

ప్ర: నాన్న పుస్తకాలు నేనే స్కాన్ చేసి హైదరాబాద్ తెచ్చుకున్నా. ఫైళ్లన్నీ స్కాన్1, స్కాన్2 అని ఉన్నాయి. ఏది ఏదో తెలియడం లేదు.
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సొంతూరు కొల్లాపూర్

జ: సాఫ్ట్‌వేర్ చేస్తూ ఇదేం పని అన్నా! ఏడాది, రచయిత, పేరు, ఈ వరుసలో ఫైలు పేరు పెట్టుకోండి. ఏడాది ముందుంటే కంప్యూటర్ తనే కాలక్రమంలో పేర్చిపెడుతుంది. మొదటి పేజీకి ముందు అట్ట, చివర వెనకట్ట తప్పక ఉండాలి. ప్రతి పుస్తకం అయ్యాక పేజీ నంబర్లు వరసగా తిప్పి చూడండి, రెండు ఆకులు అతుక్కుని ఒకేసారి తిరగడం ఇరవై పుస్తకాల్లో ఒక్కదానికైనా జరుగుతుంది. మూడు చోట్ల కాపీలు పెట్టుకోండి, అందులో ఒకటి వేరే ఇంట్లో. నాకు పోయిన ఏడాది హార్డ్ డిస్క్ కింద పడి డెబ్బై పుస్తకాలు పోయాయి. మా చెల్లెలి దగ్గర పెన్‌డ్రైవ్‌లో నలభై దొరికాయి, ముప్పై మళ్లీ మొదటి నుంచి తీశాను.

ప్ర: మామయ్య పుస్తకాలన్నీ స్కాన్ అయిపోయాయి. ఇల్లు ఇరుకు. ఇక పాత పేపర్ల బండికి వేసేయొచ్చా?
- గృహిణి, భువనగిరి

జ: మీ ఇరుకు నాకు అర్థమైంది, మా ఇంట్లో కూడా ఇదే గొడవ. అన్నీ ఉంచుకోమని చెప్పను. నెట్‌లో మంచి కాపీ ఉన్నవి, ఇప్పటికీ అచ్చులో దొరికేవి గ్రామ గ్రంథాలయానికి గానీ స్కూలుకు గానీ ఇచ్చేయండి, వాళ్లు వద్దంటే అప్పుడు బండికి. ఇవ్వబోయే ముందు ప్రతి పుస్తకం రెండు అట్టలు పట్టుకుని తలకిందులుగా ఒకసారి దులపండి, ఉత్తరాలు, రశీదులు, ఫోటోలు రాలతాయి. ఎక్కడా లేని ఆ సన్నపు పుస్తకాలు మాత్రం, నలభైయో యాభైయో ఉంటాయేమో, ఒక్క అట్టపెట్టెలో పడతాయి. పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీసేసి దారంతో కుట్టండి, పాత కాటన్ చీర ముక్కలో చుట్టండి, పక్కన ఎండిన వేపాకు వేసినా సరే కలరా ఉండలు వేసినా సరే, కాగితానికి తగలకుండా. పెట్టె మీద మామయ్య పేరు రాసి బీరువా పైఅరలో పెట్టండి. కింది అరలో వద్దు, వానాకాలంలో నేల చెమ్మ పైకి ఎక్కుతుంది.